సోర్విన్ నోరు కదిలిన రెండు సెకన్లు

7,302వ రోజు

గాలి తూర్పు నుంచి. అల మోకాటి ఎత్తు. ఉప్పు తీసే యంత్రం పొద్దుటి నుంచి మూలుగుతోంది గానీ నీళ్లు ఇస్తోంది, కాబట్టి దాని మూలుగు నేను పట్టించుకోలేదు. ఆరబెట్టిన నాచు పదహారు తడకలు. వాటిలో ఒకదాని మీద కొంగ నడిచింది. కొంగ నడిచినంత మాత్రాన రుచి మారదని వంటపాకలో చెప్పి చూశాను. వాళ్లు ఆ తడకను నా వాటాలోకి నెట్టారు.

పదకొండో తెప్ప రోజువారీ పుస్తకం రాసే నాంచారమ్మను నేను. వయసు అరవై ఆరు, మోకాళ్లది ఇంకో పదేళ్లు ఎక్కువ. ఈ తెప్ప మీద మూడు వందల పన్నెండు మందిమి ఉంటాం. కింద ఒకప్పుడు మా ఊళ్లుండేవి. ఇప్పుడు ఆ పొలాల మీదే నాచు మడులు వేసుకున్నాం.

మధ్యాహ్నం లాంచి మడుల దగ్గర నుంచి కోతవాళ్లను తెచ్చింది. మా లాంచిని మనిషి నడపడు, సోర్విన్ నడుపుతాడు. అందరూ దిగారు గానీ అంకమ్మ దగ్గర ఆగింది పంచాయితీ.

"అంకమ్మా, తిన్నావా? ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడు సోర్విన్, తన రాతి గొంతుతో.

"తిన్నా బాబాయ్."

"ఏం తిన్నావు?"

అంకమ్మ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. "నీళ్లు తాగాన్లే," అని గొణిగింది. లాంచి దిగే తలుపు తెరుచుకోలేదు. వంటపాకలో గంట మోగింది. అన్నం తయారుగా ఉందని అక్కడి నుంచి కేక వచ్చాకే తలుపు తెరుచుకుంది. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. పదకొండో తెప్పలో సోర్విన్‌కు అబద్ధం చెప్పి బతికి బట్టకట్టినవాళ్లు లేరు.

సాయంత్రం, లాంచిల గొంతులు చూసుకునే గొంతుల శాఖ నుంచి కబురు వచ్చింది. ఎల్లుండి పరిశీలనకు మనిషి వస్తుందట.

7,304వ రోజు

పరిశీలకురాలి పేరు మెహరున్నీసా. ముప్పై దాటి ఉంటాయి. మర్యాద తెలిసిన పిల్ల, నవ్వు మాత్రం బ్యాగులోనే పెట్టుకుని వచ్చినట్టుంది. ఆమెను తీసుకొచ్చిన మా లాంచి రేవులో ఆగి, "అమ్మా, తిన్నావా? ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగింది. ఆమె చేతి గడియారం చూసుకుంది.

"చూశారా?" అంది నాతో. "ఒక్కొక్కరిని ఇలా అడిగి, జవాబు వినేసరికి లాంచికి నాలుగు నిమిషాలు పోతున్నాయి. తుఫాను రోజున నాలుగు నిమిషాలంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. ఆమె మాటలో తప్పు లేదు, అదే నాకు చిరాకు తెప్పించింది.

విషయం ఇది. ప్రతి తెప్పా తన లాంచికి ఒక గొంతునూ, ఒక స్వభావాన్నీ ఎంచుకుంటుంది. ఆపదలో ఎవర్ని ముందు ఎక్కించాలో, ఎంతసేపు ఆగాలో ఆ స్వభావమే తేలుస్తుంది. మూడో తెప్పవాళ్లు ఒక హరికథల తాతను ఎంచుకున్నారు, వాళ్ల లాంచి ఇప్పటికీ సందు దొరికితే రాగం తీస్తుంది. మాకు మొదటి రోజుల్లో వినోదం అంటే ఒక్క వీడియో గేమే. 'తొమ్మిది వంతెనలు' అని, ఎక్కడో ఉత్తరాన మునిగిపోయిన దీవుల వాళ్లు తయారు చేసింది. అందులో వీరుడు సోర్విన్. యుద్ధంలో కూలిన వంతెనలు బాగుచేస్తూ ఊరూరా తిరుగుతాడు. చేతిలో కత్తి కన్నా సుత్తి ఎక్కువగా కనిపిస్తుంది. తెలుగు డబ్బింగ్‌తో దొరికింది కాబట్టి మూడు వందల మందిమీ ఆడాం. లాంచికి ఎవరు కావాలని చేతులెత్తమంటే అన్ని చేతులూ అతనికే లేచాయి.

"మీ సోర్విన్ అసలు సోర్విన్ కాదండీ," అంది మెహరున్నీసా. "అసలు ఆటలో అతని మాటలు దొరికాయి. మొత్తం కలిపి రెండు వందల పదకొండు. తెలుగులో తొమ్మిది వందల పైన ఉన్నాయి. ఈ తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది, పిల్లలు బాగున్నారా... ఇవేవీ అతను అనలేదు. ఎవరో కల్పించారు."

రేవు మీద ఉన్న యాభై మందీ ఒక్కసారిగా గోల పెట్టారు. నేను పెట్టలేదు.

పద్ధతి ఏమిటంటే, ఇలాంటి తేడా బయటపడితే పాతది దించేస్తారు. అసలు మాటలూ, వాటిని చదివి తెప్ప పుస్తకం రాసేవారు ఇచ్చే స్వభావ పత్రమూ, ఈ రెండే లాంచిలోకి ఎక్కుతాయి. పత్రంలో సోర్విన్ ఎలాంటి మనిషని రాస్తే లాంచి అలాంటిదవుతుంది. ఎనిమిది రోజులు గడువు. పుస్తకం రాసేది నేను.

7,305వ రోజు

గాలి లేదు. తడకలు పన్నెండు. కొంగ మళ్లీ వచ్చింది.

ఈ పుస్తకంలో ఇరవై ఏళ్లుగా గాలీ అలలూ రాస్తున్నాను, ఇవాళ నిజం ఒకటి రాస్తాను. ఆ కల్పించిన ఎవరో నేనే.

ఒడ్డు ఇంకా ఒడ్డుగానే ఉన్న రోజుల్లో, నాకు ఇరవై ఆరేళ్లప్పుడు, బెజవాడలో ఒక డబ్బింగ్ గదిలో మాటలు రాసేదాన్ని. మాకు ఆట చూపించేవాళ్లు కాదు, బొమ్మలు బయటికి పొక్కుతాయని వాళ్ల భయం. ఒక పట్టీ ఇచ్చేవాళ్లు. ఎవరు మాట్లాడుతున్నారు, ఏమంటున్నారు, నోరు ఎన్ని సెకన్లు కదులుతుంది. అంతే. గుడ్డివాడికి పట్టుచీర బేరం అప్పగించినట్టుండేది మా పని.

సోర్విన్ పట్టీ నాకు ఇప్పటికీ గుర్తు. "వంతెన ఎటు?" అని మాట. నోరు కదిలేది మూడు సెకన్లు. వంతెన ఎటు అనడానికి ఒక్క సెకను చాలు. మిగతా రెండు సెకన్లు ఏం చేయాలి? ఆ గది పెద్ద మా భాస్కరశర్మ గారు, "నోరు ఆడుతుంటే మాట లేకపోతే జనం నవ్వుతారమ్మా, నింపెయ్," అన్నారు. దాని కింది వరసలో ఊరి ముసలామె మాట: "మేలు చేశావు నాయనా." దారి అడిగినందుకు మేలేమిటి? ముందు ఏదో మంచి మాట అని ఉండాలి కదా అనుకున్నాను. అప్పటికి ఒంటిగంటన్నర. నా కడుపు కాలుతోంది. "తిన్నావా? ఒంట్లో ఎలా ఉంది?" అని రాశాను. సరిగ్గా రెండు సెకన్లు. అలాంటి ఖాళీలు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అన్నీ అలాగే నింపాను.

తెప్ప మీద ఎవరికీ చెప్పలేదు. మొదట్లో సిగ్గు, తర్వాత అలవాటు. అందరూ సోర్విన్ బాబాయ్ అంటుంటే లోపల గర్వం కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

7,307వ రోజు

వంటపాకలో సోర్విన్ ఎలాంటివాడని తెప్పంతా వాదన. నేను పత్రం కోసం రాసుకుంటున్నాను.

సరంగు బసవయ్య, అంటే మా తెప్ప పెద్ద, ముద్ద ముద్దకీ ఒక తీర్పు ఇచ్చాడు. "వదినా, మనసులో మాట చెప్తా. మంచోడే. కానీ ఊరికే అడుగుతాడు. తొమ్మిది వంతెనలు దాటేదాకా తిన్నావా తిన్నావా అంటాడే గానీ, సంచిలోంచి ఒక్క రొట్టె బయటికి తీయగా చూశావా?"

"ఆయన సంచికి చిల్లు గదా," అంది అంకమ్మ. "ఊళ్లోకి పదకొండు రొట్టెలతో ఎల్తాడు. బయటికొచ్చి సంచి ఇప్పితే ఎనిమిదే ఉంటయ్. ఇంకేం పెడతాడు?"

అందరూ నవ్వారు. ఆ చిల్లు సంచి మా తెప్పలో పాత హాస్యం. ఆట తయారు చేసినవాళ్ల పొరపాటని కొందరూ, ఆ దేశంలో ఎలకలు ఎక్కువని కొందరూ అనేవారు. ఎవరి వస్తువైనా పోతే సోర్విన్ సంచిలో వేశావా అంటారు.

నవ్వులయ్యాక అంకమ్మ నా పక్కన కూర్చుంది. నాచు కోతలో మా తెప్పకే పెద్ద ఈతగత్తె. నీటి అడుగున రెండు నిమిషాలుంటుంది, పైన మాత్రం రెండు నిమిషాలు నోరు మూసుకోదు. అలాంటిది గొంతు తగ్గించి అంది.

"పిన్నీ, నేనిక్కడికి వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. అమ్మా నాన్నా నీళ్లలో పోయాక ఇరవై రోజులు ఎవరితోనూ మాట్లాడలా. లాంచి ఎక్కంగానే తిన్నావా అన్నాడు. లేదన్నా. అదే నా మొదటి మాట. ఆయన్ని మార్చనీకు. నువ్వు బాగా రాయి."

రాస్తానన్నాను. అన్నం తినబుద్ధి కాలేదు.

7,308వ రోజు

మెహరున్నీసా ఇచ్చిన అసలు మాటల పట్టీ చదివాను. రెండు వందల పదకొండూ. "వంతెన ఎటు?" "పక్కకు జరుగు." "చూస్తాను." "రేపటికి అవుతుంది." పిల్ల ఏడుస్తుంటే "ఏడవకు" అని కూడా అనడు, "కూర్చో" అంటాడు. తొమ్మిదో వంతెన పూర్తయ్యాక జనమంతా జేజేలు కొడితే అతని మాట ఒక్కటే: "బరువు చూసి నడవండి."

ముఖం మీద తలుపు వేసే రకం. పత్రంలో ఉన్నదున్నట్టు రాస్తే లాంచి రేపటి నుంచి సరుకు మోసినట్టు మనుషుల్ని మోస్తుంది. అబద్ధం రాస్తే మెహరున్నీసా పట్టుకోకపోవచ్చు. కానీ తుఫానులో లాంచి ఆ అబద్ధం మీద నడుస్తుంది. అలాంటి లాంచిలో నేను అంకమ్మను ఎక్కించలేను.

ముందు ఆమెకు చెప్పాలనుకుని తడకల దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. పట్టీ, రెండు సెకన్లు, ఒంటిగంటన్నర, నా ఆకలి.

అంకమ్మ చేతిలో నాచు కింద పెట్టింది. "అంటే ఆ రోజు నన్నడిగింది ఆయన గాదా?"

"ఆ మాట నేను రాసిందే."

"నువ్వారోజు రేవులోనే ఉన్నావు గదా పిన్నీ. పుస్తకం పట్టుకోని. నాకు గుర్తే." చేతులు తుడుచుకుంది. "నువ్వే అడగొచ్చు గదా?"

ఇంటికొచ్చి పాత పుస్తకంలో ఆ రోజు పేజీ తీసి చూశాను. గాలి నైరుతి, అల నడుం ఎత్తు, కొత్తగా వచ్చినవారు తొమ్మిది మంది, అందులో ఒక ఆడపిల్ల, పన్నెండేళ్లు. నా చేతిరాత చాలా చక్కగా ఉంది. చూస్తే ఒళ్లు మండింది.

7,309వ రోజు

గాలి ఏదో వైపు నుంచి. అంకమ్మ మాట్లాడలేదు.

7,311వ రోజు

ఉదయం మెహరున్నీసా దగ్గరికి వెళ్లి నిజం ఒప్పుకున్నాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ జరిపి, "కూర్చోండి, మోకాళ్లు నొప్పంటారుగా," అంది. బ్యాగులో నవ్వు ఉన్నట్టే ఉంది.

"పత్రం మీరే రాయాలి. మీకన్నా ఆ మాటల్ని ఎరిగినవాళ్లు లేరు," అంది.

"ఎరగడం ఎక్కడిదమ్మా? నేను ఆ మనిషి ముఖమే చూడకుండా రాశాను. తర్వాత ఆట చూసినా నా మాటలే విన్నాను. అతని గొంతు ఒక్కసారీ వినలేదు."

"అసలు ఆట నా దగ్గర ఉంది. చూస్తారా?"

వంటపాక గోడ మీద వేశాం. పని మానేసి అరవై మంది వచ్చారు. అంకమ్మ కూడా వచ్చి, నాకు దూరంగా గుంజ పక్కన నిలబడింది.

మొదటి ఊరు. మాకు కంఠతా వచ్చిన ముసలామె, మాకు కంఠతా వచ్చిన రాతి గోడ. ఈ ఆటలో మనుషులు మాట్లాడేటప్పుడు తెర నిండా ముఖాలే కనిపిస్తాయి, చేతులు కనబడవు. సోర్విన్ ముఖం వచ్చింది. తెలియని భాషలో చిన్న మాట అన్నాడు. వంతెన ఎటు అని కింద అక్షరాలు. తర్వాత అతని నోరు కదులుతూనే ఉంది. మాట లేదు.

మాట లేదు గానీ చప్పుడుంది. చిన్నగా, కరకరమని.

ముసలామె ముఖం వచ్చింది. ఆమె నోరూ ముందు అలాగే కదిలింది. ఆ తర్వాతే మేలు చేశావు నాయనా అంది.

"మళ్లీ వెయ్యండి," అంది అంకమ్మ. మళ్లీ వేశారు. కరకర.

"పిన్నీ!" అని గుంజ వదిలి పరిగెత్తుకొచ్చింది. "నములుతన్నాడు! ఎండు రొట్టె పిన్నీ! ఆమెకి పెట్టి, ఆయనా తింటన్నాడు!"

బసవయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అంకమ్మ ఆట నడిపే మీట లాక్కుని ఆ ఊళ్లో ఇంకో ఇద్దరి దగ్గరికి సోర్విన్‌ను తీసుకెళ్లింది. కరకర, కరకర. ఊరు దాటి సంచి విప్పింది. పదకొండు రొట్టెలు ఎనిమిదయ్యాయి. ముగ్గురితో మాట్లాడాడు, మూడు తగ్గాయి.

చిల్లు లేదు. ఎలకలూ లేవు. ఇరవై ఏళ్లు మూడు వందల మందిమి ఆడాం. ఆ నములుడు శబ్దం మీద నా మాటలు పరిచి ఉన్నాయి కాబట్టి ఒక్కరికీ వినబడలేదు. దారి అడిగిన ప్రతి మనిషితో కలిసి తిన్నవాణ్ణి, ఊరికే అడుగుతాడే గానీ పెట్టడని ఆడిపోసుకున్నాం.

నాకు ఏడుపొచ్చింది. అరవై మంది ముందు ముక్కు చీదాను, రాసేస్తున్నాను.

"నేను కల్పించాననుకున్నా," అన్నాను మెహరున్నీసాతో. "అతను చేసేదే చెప్పానన్నమాట."

"చేసేది చెప్పారు," అంది ఆమె. "కానీ చెప్పడంతో చేసేది కప్పేశారు కదండీ."

అదీ నిజమే. ఈ పిల్ల నిజాలు చిరాకు తెప్పించడం మాత్రం మానవు.

7,312వ రోజు

స్వభావ పత్రం ఇచ్చాను. పది పేజీలు రాయవచ్చు గానీ సోర్విన్ మీద అన్ని మాటలు వేయడం మళ్లీ పాత తప్పే అవుతుందనిపించింది. ఇక్కడ నకలు ఉంచుతున్నాను.

"ఇతను తక్కువ మాట్లాడతాడు. ఆకలిగా ఉందా అని అడగడు, ఉందనే అనుకుంటాడు. తన దగ్గర ఎంత ఉందో లెక్క చూసుకోకుండా ఎదుటివాళ్లకు పెడతాడు, వాళ్లతో కలిసి తింటాడు. ఆ తర్వాతే పని సంగతి. జేజేలు వినబడవు. తెలుగులో ఇతని నోట పెట్టిన తిన్నావా అనే మాట నాంచారమ్మ రాసింది, ఇతనిది కాదు. తీసేయవచ్చు."

ఆ చివరి మాట రాసేటప్పుడు చెయ్యి ఆగింది. అయినా రాశాను.

మధ్యాహ్నం మెహరున్నీసా లాంచిలో పాత సోర్విన్‌ను దించి, కొత్త సోర్విన్‌ను ఎక్కించింది. రేవులో తెప్పంతా నిలబడి చూశాం. లాంచి ఓ నిమిషం ఊగింది. "రండి," అంది. అంతే. జనం ఉసూరుమని ఇళ్లకు పోయారు.

7,313వ రోజు

గాలి పడమర నుంచి, మంచి గాలి. అల చీలమండ ఎత్తు. తడకలు ఇరవై. కొంగ రాలేదు, దానికీ ఏదో పని పడి ఉంటుంది.

లాంచి పొద్దున్నే కోతవాళ్లను తీసుకెళ్లింది. మెహరున్నీసా గడియారంతో వెంట వెళ్లింది. నేను రేవులో కూర్చున్నాను. ఇవాళ పుస్తకం ఇంట్లోనే ఉంచి వచ్చాను, ఇది తర్వాత రాస్తున్నాను.

ఒంటిగంటన్నరకు లాంచి తిరిగొచ్చింది. ముందు మెహరున్నీసా దిగింది. జుట్టంతా చెదిరి, ముఖం వెలుగుతోంది.

"మడుల దగ్గర అందరూ ఎక్కారండీ. ఒక్క మాట అనలేదు. సీట్ల కింద తుఫాను కోసం దాచిన ఎండు రొట్టెల అరలుంటాయి చూడండి, అవన్నీ తెరిచేసింది. తలా ఒకటి. ఎవరో సంచిలో పెట్టుకోబోతే ఇంజను ఆపేసింది. అందరూ ఒక ముక్క కొరికాకే కదిలింది."

"ఎంతసేపు ఆలస్యం?"

"ఒక్క నిమిషం. మూడు నిమిషాలు మిగిలాయి." నవ్వింది. "ఆలస్యానికి కారణం ఏం రాయమంటారు?"

"నములుతోందని రాయండి."

"రాస్తాను," అంది. "ఆ రొట్టెలు మళ్లీ నింపమని మీ వంటపాకకు చెప్పండి. ఇక రోజూ ఖాళీ చేస్తుంది."

కోతవాళ్లు దిగుతున్నారు. బసవయ్య లాంచి పక్క మీద చెయ్యి వేసి, ఇరవై ఏళ్లుగా అన్న మాటలకు క్షమాపణ చెబుతున్నాడు. లాంచి, "పక్కకు జరుగు," అంది. ఆయన మురిసిపోయి అందరికీ చెప్పుకుంటున్నాడు.

అంకమ్మ చివర దిగింది. తడి జుట్టు, చేతిలో సగం రొట్టె. నన్ను చూసి ఆగింది. అయిదు రోజులుగా మా ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు.

నేను లేచి నిలబడ్డాను. నలభై ఏళ్ల కింద రాసిన మాట, వేల సార్లు లాంచి నోట విన్న మాట, నా నోటితో ఆమెను ఎన్నడూ అడగని మాట.

"తిన్నావా అమ్మాయ్?" అన్నాను. "ఒంట్లో ఎలా ఉంది?"

అంకమ్మ జవాబు చెప్పలేదు. నోరు కదులుతోంది, కరకరమని చప్పుడవుతోంది, మాట లేదు. ఆ ఖాళీని నింపాలని నాకు అనిపించలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, రొట్టె విరిచి పెద్ద ముక్క నాకిచ్చింది.

తిన్నాను. ఉప్పగా ఉంది.